మొక్కజొన్న సామి కళ్ళు

మా నాన్న తిమ్మయ్య ఏ ముఖం చేసినా అందులో రాముడి పోలిక వచ్చేస్తుంది. మురుగన్‌ని చెయ్యమంటే బాలరాముడు వస్తాడు. గోపురం మూలన కూర్చోబెట్టే ముసలి మునిని చెయ్యమన్నా గడ్డం పెంచిన రాముడే. బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పుట్టి, ఆ తోటలోని రాముడి గుడి మెట్ల మీద పెరిగినవాడు ఇంకేం చేస్తాడు? మలేసియాలో పేరాక్ తీరం పొడుగునా చాలా కోవెళ్ళ గోపురాల మీద ఆయన చేతి సిమెంటు బొమ్మలున్నాయి. మా మురుగన్ ఇలా ఎందుకున్నాడని ఏ తమిళుడూ ఇంతవరకూ అడగలేదు. సామి చల్లగా చూస్తే చాలు, ముక్కు ఎవరిదైతేనేం.

అలాంటి మనిషి చేతిలో మాయా నాగరికత వాళ్ళ మొక్కజొన్న దేవుణ్ణి పెట్టింది నేనే.

నా పేరు షర్మిల. రాజధానిలో, బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉంటాను. చరిత్ర చదివాను. చరిత్ర చదివినవాళ్ళకి ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు కాబట్టి ప్రేమ్‌నాథ్ కంపెనీలో చేరాను. మాల్‌లో ఈజిప్టు కావాలంటే ఈజిప్టు, హోటల్లో మంచుకొండ కావాలంటే మంచుకొండ కట్టించి ఇచ్చే కంపెనీ అది. ప్రేమ్‌నాథ్ తాత మా తోటలోనే గుమాస్తా. అందుకని మమ్మల్ని "మనోళ్ళు" అంటాడు. తెలుగు బాగా అర్థమవుతుంది గానీ మాట్లాడితే రెండు ముక్కలు తెలుగు, నాలుగు తమిళం, మిగతాది ఇంగ్లీషు, చివర్న ఇక్కడివాళ్ళందరిలాగే ఒక "లా".

తోటకి దగ్గర్లోని హుటాన్ మెలింటాంగ్‌లో ఏటి ఒడ్డున, చేపల పడవలు ఆగే రేవు పక్కన ఆయనకి స్థలం దొరికింది. అక్కడ "పోయిన లోకం" అని ఒక పార్కు కట్టాలన్నాడు. మాయా వాళ్ళ ఎదుగుదల, క్షీణత, వాళ్ళ మీద దండయాత్ర, మూడు భాగాలు. బొమ్మలన్నీ నేనే గీశాను. మొదటి దాంట్లో ఎర్రరంగు వేసిన మెట్ల పిరమిడ్డు, సంత, రాజుగారి అరుగు. రెండో దాంట్లో అదే ఊరు అడవి కప్పేసి, ముఖాలు పగిలిపోయి. మూడో దాంట్లో ఒక పెద్ద స్పెయిన్ ఓడ. ఓడ లోపల హోటలు. ఊళ్ళు తగలబెట్టడానికి వచ్చినవాళ్ళ ఓడలో మేం నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం, వేయించిన చేపలు వడ్డిస్తామన్నమాట.

బోర్డు మీది పేరు దగ్గర నేను పోట్లాడాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "వాళ్ళెక్కడికీ పోలేదు. గ్వాటెమాలాలో, మెక్సికోలో లక్షల మంది ఉన్నారు. వాళ్ళ భాషలు మాట్లాడుతున్నారు, మొక్కజొన్న పండించుకుంటున్నారు. పోయిన లోకం ఏమిటి?" అన్నాను.

ప్రేమ్‌నాథ్ నవ్వాడు. "షర్మీ, ఉన్న లోకం అని బోర్డు పెడితే టికెట్ ఎవరు కొంటారు లా?"

బోర్డు ఆ పేరుతోనే తయారైంది.

నాన్నని ఆ పనిలోకి తేవడానికి కారణం వేరే. ఈమధ్య కోవెళ్ళవాళ్ళు శిల్పుల్ని తమిళనాడు నుంచి విమానంలో రప్పిస్తున్నారు. నాన్న ఇంట్లో కూర్చుని టీవీతో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఏదో ఒక పని ఉంటే మనిషి నిలబడతాడనుకున్నాను. పని ఒప్పుకున్న కొన్నాళ్ళకే ఆయన జీవితమంతా ఎదురుచూసిన మాట కూడా వచ్చింది. తోటలోని రాముడి గుడిని బాగుచేయించి కుంభాభిషేకం చేయిస్తున్నారు. గుడి కమిటీ పెద్ద రత్నావతమ్మ స్వయంగా ఫోన్ చేసి, "గోపురం మీది బొమ్మలన్నీ ఈసారి నువ్వే సెయ్యాల తిమ్మయ్యా. బయటోళ్ళు వద్దు," అంది. కిందటిసారీ, అంతకు ముందూ బయటివాళ్ళే చేశారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా. ఆ సామెతని అన్నేళ్ళూ మింగుకుని బతికాడు నాన్న. ఇప్పుడు ఆ మాట మోటార్ సైకిల్ మీద రొట్టెలమ్మేవాడితో సహా కనపడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాడు. పార్కు పని అయిపోగానే గుడి పని మొదలు.

నేను శనివారాలు కారేసుకుని పార్కు దగ్గరికి వెళ్ళేదాన్ని. ఆయన ఇనపతీగ చుట్టి, సిమెంటు మెత్తి, తడి ఆరకముందే తాపీతో ముక్కులూ పెదాలూ తీస్తుంటే, నేను సిమెంటు బస్తా మీద కూర్చుని మాయా వాళ్ళ సంగతులు చెప్పేదాన్ని. ఆయన రామాయణం విన్నట్టే వినేవాడు. మధ్యలో ఊఁ కొట్టేవాడు.

"వాళ్ళ దేవుళ్ళు మనిషిని మొదట మట్టితో చేశారట నానా. కరిగిపోయాడట. కర్రతో చేస్తే మనసు లేకుండా పోయిందట. ఆఖరికి మొక్కజొన్న పిండితో చేస్తే అప్పుడు మనిషి నిలబడ్డాడట."

"మట్టి కరిగిపోనాదా?" నాన్న తాపీ ఆపి ఆలోచించాడు. "సిమెంటు కలపనేదేమో."

అలా సాగేది మా చరిత్ర పాఠం. అడవి కొట్టి మొక్కజొన్న వేసుకునే పల్లెవాళ్ళు చెరువులు తవ్వి, సున్నపురాయితో కొండలంత గుళ్ళు కట్టడం చెప్పాను. చుక్కల లెక్క తెలుసుకోవడం, రాళ్ళ మీద తమ రాజుల కథలు రాసుకోవడం చెప్పాను. తరవాత ఆ రాజులే ఒకరి మీద ఒకరు పడటం చెప్పాను. వాన నేనే కురిపిస్తానన్న రాజు ఉన్న ఊళ్ళో వాన పడకపోతే జనం ఏం చేస్తారు? ముందు రాజుని నమ్మడం మానేస్తారు, తరవాత మూట కట్టుకుంటారు. ఒక్క రోజులో కాదు, తరాల తరబడి ఒక్కో ఊరూ ఖాళీ అయింది.

"ఎక్కడికెల్లినారు?"

"నీళ్ళున్న చోటికి. ఉత్తరానికి, కొండల్లోకి."

"అంటే సచ్చిపోనేదు. ఊరొదిలినారు," అన్నాడు నాన్న, అంతేకదా అన్నట్టు. తోట నుంచి తోటకి మారిన కుటుంబం మాది. ఆయనకి అందులో వింతేమీ కనపడలేదు.

స్పెయిన్ వాళ్ళ సంగతికి వచ్చేసరికి మాత్రం ఆయన ఊఁ కొట్టడం మానేశాడు. వాళ్ళు వచ్చీరాగానే గెలిచెయ్యలేదని, ఇంచుమించు రెండు వందల ఏళ్ళు పట్టిందని, చెరువు మధ్య లంకలో ఉన్న ఆఖరి రాజ్యం పడవల మీది తుపాకులకి లొంగిందని చెప్పాను. అంతకు ముందే ఒక బిషప్పు వాళ్ళ పుస్తకాలన్నీ కుప్ప పోయించి తగలబెట్టించాడని చెప్పాను.

"పుస్తకాలేటి సేసినాయి ఆళ్ళని?" అన్నాడు నాన్న. ఆ రోజు మరి పని చెయ్యలేదు.

ఇక ఆ ముఖం. రెండో భాగంలో దారి మలుపు తిరగ్గానే కనపడేలా, నిలువెత్తు మనిషంత మొక్కజొన్న దేవుడి ముఖం నేనే గీశాను. సాగిన తల, మొక్కజొన్న పీచులా వెనక్కి జారిన జుట్టు, కాస్త వంచిన మెడ. ఎడమ కన్ను నుంచి ముక్కు మీదుగా పగులు. ముందు మొత్తం ముఖం చేసి, ఆ తరవాత దాన్ని పగలగొట్టాలి. పగిలినట్టు చేసింది ఎప్పుడూ పగిలినట్టుండదు, పగలగొట్టిందే పగిలినట్టుంటుంది. ఈ మాట నాన్నకి చెప్పాను, ఆయన తలూపాడు. తలూపితే అర్థమైందనుకున్నాను. ఆయన పనిలో కొత్తగా చేసిన ముఖాన్ని పగలగొట్టడం అనేదే లేదు. రంగులవాళ్ళు వచ్చి నల్లగీత వేసి పగులు చూపిస్తారు కాబోలు అనుకున్నాడట.

గోపురం బొమ్మలకి కళ్ళు చివర్న తెరుస్తారు. ఒళ్ళు, నగలు, రంగులు అన్నీ పూర్తయినా కళ్ళ చోట తెల్లగా వదిలేస్తారు. తెరిచే రోజు పనివాడు తలస్నానం చేసి, తడిబట్టతో, బొమ్మకి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి, అద్దంలో చూసుకుంటూ నల్లగుడ్డు దిద్దుతాడు. తెరిచిన కళ్ళు మొదట చూసేది మనిషిని కాకూడదు. వాటికి అద్దం చూపిస్తారు, పాలూ పళ్ళూ చూపిస్తారు. అంతవరకూ అది సిమెంటు. ఆ తరవాత దానికి ఆకలేస్తుంది.

ఒక శుక్రవారం పొద్దున్న మీనాచ్చి ఫోన్ చేసింది. రేవు దగ్గర పనివాళ్ళకి అన్నం వండి అమ్మే మనిషి. తండ్రి తమిళుడు, తల్లి తెలుగు. ఆమె మాటలో ఏది ఎక్కడ మొదలవుతుందో ఆమెకే తెలియదు.

"షర్మిలా, మీ నానా సామికి కన్ను తెరిచేసినారు. నాను అరటిపళ్ళు పెట్టినాను. వేరే ఏమి పెట్టాల ఈ సామికి? మీన్ తింటాదా, శైవమా? చేప వండేదా, వద్దా?"

నేను మర్నాడే వెళ్ళాను. దారి మలుపు తిరిగాను. నాకు తెలియకుండానే ఆగిపోయాను.

అది నేను గీసిన ముఖమే. సాగిన తల అదే, జొన్నపీచు జుట్టు అదే. కానీ ఆ వంచిన మెడ, ఆ పెదాల చివర కనపడీ కనపడని నవ్వు మా తోట గుడిలోవి. రెండు కళ్ళూ నన్నే చూస్తున్నాయి. మెడకి పసుపు గుడ్డ కట్టి ఉంది. ముందు అరటిపళ్ళు, ఒక దీపం. చేపలకి వెళ్ళేవాళ్ళు పడవెక్కే ముందు వచ్చి గడ్డం ముట్టుకుని వెళ్తున్నారట. గడ్డం కింద కొత్త రంగు మీద అప్పుడే వేళ్ళ గుర్తులు పడ్డాయి.

నాన్న మోటార్ సైకిలుకి ఒక పక్క అద్దం లేదు. అది ముఖం ఎదురుగా ఇటుక మీద నిలబెట్టి ఉంది. మొక్కజొన్న దేవుడు మలేసియాలో మొట్టమొదట చూసింది తన్నుతానే.

"నానా, ఇది గుడి కాదు," అన్నాను.

"నాకు తెలీదేటి?"

"మరి ఎందుకు తెరిచావు?"

నాన్న తన చేతుల వంక చూసుకున్నాడు, అవి పక్కింటివాళ్ళ పిల్లలయినట్టు. "రంగు అయిపోనాది. శుక్రవారం. తానం సేసినాను. సెయ్యి ఎల్లిపోనాది అమ్మీ. ఇన్నేళ్ళలో కళ్ళు తెరవకుండా ఒక్క మొకాన్నీ వదల్నేదు."

నేను అరవడానికి నోరు తెరిచాను. ఒక చేత్తో చప్పట్లు మోగవు. నాన్న ఎదురు మాట్లాడడు. మా ఇంట్లో పోట్లాటలన్నీ ఇలాగే మొదట్లోనే చల్లారిపోతాయి.

ప్రేమ్‌నాథ్ రెండు రోజుల తరవాత నన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. చాలాసేపు ఆ ముఖాన్ని చూశాడు. "అంకుల్, సూపర్," అన్నాడు. తరవాత జేబులోంచి పార్కు ప్రకటన కాయితం తీశాడు. దాని మీద నేను గీసిన పగిలిన ముఖం ఉంది. "ఇప్పుడు ఇట్ల చెయ్యాల. పగలగొట్టి, వేళ్ళు పాకినట్టు పెట్టి. వచ్చే వారం పెట్టుబడి పెట్టినోళ్ళు చూడ్డానికి వస్తారు."

"సెయ్యను బాబూ," అన్నాడు నాన్న.

"అంకుల్, ఇది డెకరేషన్ లా. కోవిల్ కాదు."

"కళ్ళు తెరవక ముందు అడిగుంటే నానే పగలగొట్టేసుందును. ఇప్పుడు పేణం ఉన్నాది అందులో." నాన్న గొంతు పెంచలేదు. "పేణం ఉన్న మొకాన్ని పగలగొట్టనిచ్చి, అవే సేతుల్తో రాముడి గోపురం ఎక్కమంటారా? ఎక్కను. తాపీ మరి ముట్టను."

కోపంగా అని ఉంటే నేను పట్టించుకునేదాన్ని కాదు. కానీ అప్పటికే ఆయన తాపీలన్నీ కడిగి, తుడిచి, గోనెసంచిలో చుట్టి మోటార్ సైకిలుకి కట్టేసి ఉన్నాయి. అది చూశాక నాకు అర్థమైంది. రేపు రత్నావతమ్మకి ఫోన్ చేసి, నావల్ల కాదు, తమిళనాడు వాళ్ళని పిలిపించుకోమని చెప్పేస్తాడు. జీవితమంతా ఎదురుచూసిన గోపురాన్ని వదిలేసుకుని మళ్ళీ టీవీ ముందు కూర్చుంటాడు. నేను తెచ్చిపెట్టిన పనివల్ల.

ముఖాన్ని అలాగే మొదటి భాగంలోకి మార్చేద్దామని ప్రేమ్‌నాథ్‌ని బతిమాలాను. పునాదితో కలిపి కట్టింది కదలదన్నాడు, నిజమే. పగులు లేకుండా ఉంచేద్దామన్నాను. క్షీణత అని బోర్డు పెట్టి కొత్త పెళ్ళికొడుకు లాంటి ముఖం పెడితే జనం నవ్వుతారన్నాడు, అదీ నిజమే. అంకుల్ చెయ్యకపోతే మట్టి తవ్వే మిషను వాళ్ళు చేస్తారన్నాడు. ఆదివారం దాకా ఆగమన్నాను, సరేనన్నాడు. వెళ్ళబోతూ వెనక్కి వచ్చి చెప్పులు వేసుకున్నాడు. ఆ ముఖం ముందుకి వచ్చేటప్పుడు ఎప్పుడు విప్పాడో ఆయనకే తెలియదు. ఆయన్ని తిట్టుకోవాలని ఎంత ఉన్నా ఆ తరవాత నావల్ల కాలేదు.

సాయంత్రం మీనాచ్చి కొట్టులో కూర్చున్నాం. నాన్న అన్నం కెలుకుతున్నాడు గానీ తినడం లేదు. పడవలు సముద్రం వైపు వెళ్తున్నాయి. నేను మాట్లాడాలి కాబట్టి మాట్లాడుతున్నాను, మాయా వాళ్ళ సంగతులే, నాకు ఇంకేం తెలుసు గనక. అలా మాట్లాడుతుండగా కాలేజీలో చదివిన ఒక సంగతి నోట్లోకి వచ్చింది.

"నానా, వాళ్ళు ఒక గుడినో ఇంటినో వదిలి వెళ్ళేటప్పుడు ఊరికే వదిలేసేవాళ్ళు కాదు. చెట్టుబంక కాల్చి పొగ వేసేవాళ్ళు. కుండలు పగలగొట్టేవాళ్ళు. గోడ మీది ముఖాలకి ముక్కులూ కళ్ళూ చెక్కేసేవాళ్ళు. లోపలున్నది బయటికి వెళ్ళిపోవాలని."

నాన్న తలెత్తాడు. "ఎవులు? శత్రువులా?"

"శత్రువులు పగలగొట్టినవీ ఉన్నాయి. పక్క ఊరి రాజు గెలిస్తే వచ్చి ముఖాలు చెక్కేసి వెళ్ళేవాడు. కానీ కొన్ని సొంత మనుషులే దణ్ణం పెట్టి పగలగొట్టినవి."

"ఏది ఏదో ఎలాగ తెలుస్తాది?"

"ఒక్కోసారి తవ్వేవాళ్ళకీ తెలియదు."

"సూడ్డానికి ఒకలాగే ఉంటాయన్నమాట," అన్నాడు నాన్న. తరవాత అన్నం కలుపుకున్నాడు. "మరి మనం బాలాలయం సెయ్యమేటి? కుంభాభిషేకానికి ముందు సామిని కుండలోకి దింపి, పక్కన పాకలో పెట్టి, అప్పుడు గదా గోపురం ఎక్కి పాత బొమ్మల్ని చెక్కీసేది. ఎన్ని చెక్కినాను నాను."

"మరి ఇక్కడా దింపుదాం. పూజారి అయ్యగారిని పిలవనా?"

"మొక్కజొన్న సామికి ఏ అయ్యగారు వస్తాడే గుంటా? మంత్రం ఏటని సదువుతాడు? అయ్యగారు లేకుండా తెరిచినాను. అయ్యగారు లేకుండానే అడుగుతాను."

నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ ఆయన ఇంకా అయిపోలేదు. "నాను మాత్రం కొట్టను. తెరిచిన సెయ్యి మూయకూడదు. మా గురువు మణియం నోటి మాట అది. దాటను."

నేను మీనాచ్చి వైపు చూశాను. ఆవిడ రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. "ఐయో, నాను ముట్టను! నా మొగుడు కడలికి పోతాడు. సామితో నాకెందుకు?"

"మిషను వాళ్ళు..." అన్నాను.

"ఆళ్ళు అడక్కుండా కొడతారు," అన్నాడు నాన్న. "పగులు గీసింది నువ్వు. నువ్వే కొట్టాల."

ఆదివారం తెల్లవారగానే ముగ్గురం అక్కడున్నాం. రాత్రి వెళ్ళిన పడవలు తిరిగొస్తున్నాయి, ఏరంతా చేపల వాసన. మీనాచ్చి కుంపటిలో సాంబ్రాణి వేసింది. నాన్న తడిబట్టతో ఇత్తడి చెంబులో ఏటి నీళ్ళు ముంచి తెచ్చి, మామిడాకులు పెట్టి, ముఖం ముందు కూర్చున్నాడు. మంత్రాలేవీ రావు ఆయనకి. మామూలుగా, బస్సులో పక్కన కూర్చున్నవాడితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"సామీ, నీ పేరు నాకు నోరు తిరగదు. నీ ఊరు నాను సూడనేదు. అలవాటు కొద్దీ కళ్ళు తెరిచీసినాను. తెరిచినోడికి కూడెట్టాల, నాకు తెలుసు. ఇక్కడ నిన్ను సూసుకోడానికి ఎవులూ నేరు. ఫొటోలు తీసుకుంటారు, ఎల్లిపోతారు. ఈ నీళ్ళలోకి వచ్చీ. తీసుకెల్తాను. కోపం ఎట్టుకోకు."

చెంబుని ముఖం కిందికి జరిపాడు. పొగ ముఖం చుట్టూ తిరిగి ఏటి మీదికి పోయింది. తరవాత ఆయన చెంబు మీద అరటాకు కప్పి, దారంతో కట్టి, పక్కకి తప్పుకున్నాడు. ఉలి, సుత్తి నాకిచ్చాడు.

ఆ పగులుని నేను కంప్యూటర్లో గీసినప్పుడు కాఫీ తాగుతున్నాను. అందంగా రాలేదని రెండుసార్లు చెరిపి మళ్ళీ గీశాను కూడా. ఇప్పుడు ఉలి ఎడమ కన్ను కింద పెట్టాను. ఆ కన్ను ఇంత దగ్గర నుంచి ఇంకా చల్లగా ఉంది. ఆ ప్రాణం చెంబులోకి దిగిందో లేదో నాకెలా తెలుస్తుంది? నేను దేవుణ్ణి అంతగా నమ్మే మనిషిని కూడా కాదు. అయినా చెయ్యి లేవలేదు.

కొట్టాను. సిమెంటు పొడి రాలింది, అంతే. మళ్ళీ కొట్టాను. ఉలి జారింది.

"బెదరకు," అన్నాడు నాన్న వెనక నుంచి. "మెల్లగా కొడితేనే నొప్పి."

"సమించు సామీ," అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు. గట్టిగా కొట్టాను. ముక్కు ఒక్క ముక్కగా ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. తరవాత కన్ను. మా నాన్న ఇష్టంగా దిద్దిన కన్ను. అప్పుడు ఏడ్చాను, బాగా ఏడ్చాను. ఎన్నేళ్ళుగానో చదివాను, పరీక్షలు రాశాను, దండయాత్ర అని, ముఖాల విధ్వంసం అని. ఆ మాటల వెనక ఒక్కో ముఖం దగ్గరా ఇంత బరువు చెయ్యి ఉందని ఆ రోజు దాకా నాకు తెలియదు. కోపంతో కొట్టినవాళ్ళకి తేలిగ్గానే అయ్యుంటుంది. దణ్ణం పెట్టి కొట్టినవాళ్ళు ఆ రాత్రి ఎలా పడుకున్నారో.

మీనాచ్చి నా భుజం మీద చెయ్యి వేసి కొట్టులోకి తీసుకెళ్ళి టీ ఇచ్చింది. అందులో చక్కెర వెయ్యడం మర్చిపోయింది, నేనూ అడగలేదు.

ప్రేమ్‌నాథ్‌కి ఫొటో పంపితే వెంటనే ఫోన్ చేశాడు. "పర్ఫెక్ట్ లా షర్మీ! శత్రువులు వచ్చి కొట్టినట్టే ఉంది!" మామూలుగా అయితే గంట సేపు వాదించేదాన్ని. సరే అని పెట్టేశాను.

చెంబుని కారులో నాన్న ఒళ్ళో పెట్టుకున్నాడు. సీటు బెల్టు ఇద్దరికీ కలిపి పెట్టాను. బాగన్ దాతుక్ దగ్గర సముద్రంలో కలిపేద్దామని ముందే అనుకున్నాం. ఈ నీళ్ళు తిరిగి తిరిగి ఎప్పటికో వాళ్ళ ఊరి సముద్రంలో కలవకపోవు. ఆయిల్ పామ్ తోటల మధ్య దారి పొడుగునా నాన్న చెంబుని రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు. తాపీల గోనెసంచి వెనక సీట్లో ఉంది. దాన్ని ఆయన విప్పుతాడా లేదా అన్నదొక్కటే నా ఆలోచన. అడగడానికి భయమేసింది.

సముద్రం ఒడ్డున కారాపాను. నాన్న దిగలేదు.

"ఏం నానా?"

"ఇంటికి రమ్మని పిలిచి నీళ్ళలో తోసీసినట్టుంటాది." చెంబుని ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు. "గుడికి పోనీ."

రాముడి గుడి పరంజా మీద మొదటి రోజు సిమెంటు కలిపేటప్పుడు నేను లేను. తరవాత మీనాచ్చి చెప్పింది. ఆవిడ చేపల కూర పట్టుకుని చూడ్డానికి వెళ్ళిందట. నాన్న గోనెసంచి విప్పి, తాపీలన్నిటికీ దణ్ణం పెట్టి, చెంబులో నీళ్ళు మొదటి సిమెంటులో పోసి కలిపాడట. ఆ సిమెంటుతో గోపురం వెనక వైపు, కొబ్బరి తోటకి ఎదురుగా, మునుల వరసలో ఒక బొమ్మ మొదలుపెట్టాడట. ఆ మాట ఫోన్లో విన్నాక నేను బ్రిక్‌ఫీల్డ్స్‌లో నడిరోడ్డు మీద నిలబడి నవ్వుకున్నాను. నాన్న తాపీ పట్టాడు. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

కుంభాభిషేకానికి ముందు కళ్ళు తెరిచే రోజుకి రమ్మన్నాడు. తలస్నానం చేసి రమ్మని గట్టిగా చెప్పాడు. పరంజా ఎక్కితే పైన మునుల మధ్య ఒకాయన కూర్చుని ఉన్నాడు. సాగిన తల, భుజాల మీదికి జారిన జొన్నపీచు జుట్టు, కాస్త వంచిన మెడ. ముక్కు మాత్రం, చెప్పక్కర్లేదు, రాముడిదే. కళ్ళ చోట తెల్లగా ఉంది.

నాన్న కుంచె నా చేతికిచ్చాడు.

"నాకా? నేనా? పని నేర్చుకున్నవాళ్ళు కదా తెరవాలి?"

"కొట్టిన సెయ్యే తెరవాల."

"ఈ నియమం ఎక్కడుంది నానా? మీ గురువుగారు చెప్పారా?"

"ఇప్పుడే పెట్టినాను," అన్నాడు నాన్న. అద్దం పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. "బెదరకు."

కుంచెని రంగులో ముంచాను. ఎడమ కన్నుతో మొదలుపెట్టాను. అద్దంలో చూస్తూ దిద్దుతుంటే కుడి ఎడమలు తారుమారయ్యాయి. నల్లగుడ్డు కొంచెం పక్కకి పోయింది, ఇక దాన్ని దిద్దడానికి వీల్లేదు. ఈయన కొంచెం వారగా, తోట వైపు చూస్తాడు. ఫర్వాలేదన్నాడు నాన్న.

కింద నుంచి రత్నావతమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసి అరిచింది.

"తిమ్మయ్యా! ఆ ముని ఎవులు? మన పాత గోపురం మీద ఈయన ఉండనేదే!"

"సుట్టం!" అని నాన్న పైనుంచి కేకేశాడు. "శానా దూరం నించి వచ్చినాడు!"

రత్నావతమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. గుడి కమిటీ నడిపే మనిషి ఆవిడ, ఆలోచించకుండా ఏదీ ఒప్పుకోదు.

"మరి ఆయనకీ ఆకెయ్యాలా?"

"ఎయ్యాల," అన్నాడు నాన్న.

"సరే," అని ఆవిడ వంటల దగ్గరికి వెళ్ళిపోయింది.